కొత్త బ్యాటరీ వేసినా కారు పలకదేం?

ప్రశ్న: అయ్యా, మా ఇల్లు సముద్రానికి అరకిలోమీటరు దూరంలో ఉంది. నా పెట్రోలు కారుకు తొమ్మిదేళ్లు నిండాయి. మూడు నెలల క్రితం ఒక ఉదయం తాళం తిప్పితే ‘టక్’మని ఒకే ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంది. బ్యాటరీ పోయిందని చెబితే కొత్తది వేయించాను. నలభై రోజులు చక్కగా నడిచింది. ఇప్పుడు మళ్లీ అదే శబ్దం. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. నాలుగైదు సార్లు తాళం తిప్పితే ఒకసారి స్టార్ట్ అవుతోంది. వర్క్‌షాపు వారు సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కళింగపట్నం

జవాబు: ఇప్పుడే మార్పించవద్దు మాస్టారూ. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. ‘టక్’మని ఒకే శబ్దం రావడం, లైట్లు బాగా వెలగడం, కొత్త బ్యాటరీ వేశాక నలభై రోజులే బాగుండటం, ఈ మూడింటినీ కలిపి చూస్తే అనుమానం ముందుగా బ్యాటరీ మీదకూ పోదు, సెల్ఫ్ మోటారు మీదకూ పోదు, ఆ రెండింటినీ కలిపే లావు వైర్ల మీదకు, అందులోనూ ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కూ బాడీకీ కలిపేది) కొసల మీదకు పోతుంది.

కారు కదలనప్పుడు చేతికి పని చెప్పే ముందు చెవికి పని చెప్పాలి. తాళం తిప్పగానే టకటకటకమని వరుసగా శబ్దం వచ్చి, డాష్‌బోర్డు దీపాలు మినుకుమినుకుమంటే బ్యాటరీలో శక్తి లేదని అర్థం. సెల్ఫ్ మోటారు మీద ఉండే సాలినాయిడ్ స్విచ్చు మూసుకోగానే వోల్టేజీ పడిపోతుంది, దానితో స్విచ్చు విడిపోతుంది, విడిపోగానే వోల్టేజీ లేచి మళ్లీ మూసుకుంటుంది. మనకు వినిపించేది ఆ కొట్టుకులాటే. అసలు ఏ శబ్దమూ లేకపోతే కరెంటు సాలినాయిడ్ దాకా కూడా చేరడం లేదన్నమాట. అప్పుడు తాళం స్విచ్చు, రిలే, ఫ్యూజు, కొన్ని కార్లలో క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చు, ఆటోమేటిక్ కార్లలో గేరు మీట దగ్గరి స్విచ్చు చూడాలి. ఇంజిన్ మామూలుగా తిరుగుతూనే అందుకోకపోతే అది వేరే రోగం, దాని సంగతి కింద గజపతినగరం పాఠకునికి రాశాను. మీ కారు ఒక్కసారి గట్టిగా ‘టక్’మంటోందంటే సాలినాయిడ్ తన వంతు పని చేసింది, కాని ఆ తర్వాత మోటారును తిప్పవలసిన పెద్ద కరెంటు రాలేదు, లేదా వచ్చినా మోటారు దాన్ని అందుకోలేదు.

ఆ కరెంటు ఎంత పెద్దదో తెలిస్తే లైట్లు మనల్ని ఎలా మోసం చేస్తాయో తెలుస్తుంది. చిన్న కారు ఇంజిన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగేది 9 ఆంపియర్లు మాత్రమే. దారిలో ఎక్కడో చిలుము పట్టిన అతుకు దగ్గర 0.02 ఓముల నిరోధం ఏర్పడిందనుకుందాం. ఓమ్ నియమం మీకు నేను చెప్పేదేముంది: లైట్ల కరెంటు ఆ అతుకు దాటితే పోయేది 0.18 వోల్టు, దాని తేడా కంటికి ఆనదు. 150 ఆంపియర్లు దాటాలంటే మాత్రం 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. బ్యాటరీలో ఉన్న పన్నెండు చిల్లరలో మూడు పోతే మిగిలినవి మోటారుకు చాలవు. నిరోధం ఇంకాస్త పెరిగితే మోటారు కదలనే కదలదు. ఆ పోయిన శక్తి వేడిగా మారుతుంది కాబట్టి, నాలుగైదు సార్లు తాళం తిప్పాక చెడిన అతుకును తాకితే చురుక్కుమంటుంది. అందుచేత లైట్లు వెలుగుతున్నాయి గనుక వైర్లు బాగున్నాయి, వైర్లు బాగున్నాయి గనుక మోటారే పోయింది అనే వాదం చెల్లదు.

ఇక నలభై రోజుల సంగతి. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు అక్కడి కుర్రవాడు టెర్మినళ్లు విప్పి, గీకి, మళ్లీ గట్టిగా బిగించి ఉంటాడు. వైర్లను అటూ ఇటూ లాగడంతో మిగతా అతుకులు కూడా కాస్త కదిలి ఉంటాయి. రోగం కుదిరింది ఆ గీకుడు వల్ల, పేరు వచ్చింది కొత్త బ్యాటరీకి. మీది ఉప్పుగాలి తగిలే ఊరు. తేమ, ఉప్పు కలిసి ఇనుమునూ రాగినీ ఎంత తొందరగా తినేస్తాయో మీ ఇంటి కిటికీ ఊచలను అడిగినా చెబుతాయి. పైకి బాగానే కనిపించే అతుకు లోపల పొర కట్టడానికి ఆ రోజులు సరిపోయాయి. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మార్చినా అదే వైర్లను మళ్లీ విప్పి బిగిస్తారు కాబట్టి మరో నలభై రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఏం మార్చమంటారో నాకు తెలియదు.

ఈ మాట నేను ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. ఒక రథసప్తమి నాడు అరసవల్లి నుంచి తిరిగి వస్తూ, వెనక బారులు తీరిన బండ్ల మధ్య నా కారు ఇలాగే ‘టక్’మని ఆగిపోయింది. ఒక వర్క్‌షాపులో సెల్ఫ్ మోటారు మార్పించాను, నెల తిరగకముందే కథ మొదటికి వచ్చింది. చివరికి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పళ్లెం కింద, గేరుబాక్సుకు బిగించిన ఎర్త్ వైరును లాగితే, పై తొడుగు చెక్కుచెదరకుండా ఉండి లోపలి రాగి తీగలు పచ్చటి పొడిగా రాలాయి. బాగున్న ఆ పాత మోటారు ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

మీరు చేయవలసిన పరీక్షకు కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు, తాళం తిప్పడానికి మరో మనిషి చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, కండువా లాంటివి ఫ్యానుకు అందకుండా చూసుకోండి. మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి ముందు బ్యాటరీని కొలవండి. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టు. తరువాత మీటరు ముళ్లు బ్యాటరీ మొనల మీదే ఉంచి తాళం తిప్పించండి. ‘టక్’మన్నప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమైనదైనా కావాలి, మోటారు బిగుసుకుపోయైనా ఉండాలి. అలా కాక 12 దగ్గరే నిలబడి ఉంటే పెద్ద కరెంటు అసలు పారడం లేదని తేలిపోతుంది.

అసలు పరీక్ష దీని తరువాత ఉంది, దీన్నే చాలామంది చేయరు. మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివ్ మొన మీద, అంటే పైన బిగించిన క్లాంపు మీద కాకుండా సీసపు మొన నడినెత్తిన, రెండో ముల్లును ఇంజిన్ మీద రంగు లేని లోహపు చోట ఆనించి తాళం తిప్పించండి. మంచి ఎర్త్ ఉంటే 0.3 వోల్టు దాటకూడదు. ఒకటో రెండో వోల్టులు, లేదా అంతకంటే ఎక్కువ చూపితే దొంగ దొరికినట్టే. అప్పుడు ఒక ముల్లును మొన మీదే ఉంచి రెండోదాన్ని క్లాంపు మీదకు, తరువాత వైరు అవతలి కొస మీదకు, తరువాత ఆ కొస బిగించిన బోల్టు మీదకు జరుపుతూ పోతే, అంకె ఎక్కడ ఎగిరిపడుతుందో అక్కడే జబ్బు. పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ మొన నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు దాకా ఇలాగే కొలవండి. అక్కడ అర వోల్టు దాటకూడదు.

జబ్బు దొరికితే మందు చవకే. ముందు నెగటివ్ క్లాంపు విప్పి పక్కకు పెట్టండి, తరువాతే పాజిటివ్ విప్పండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఈ వరుస తప్పి ముందుగా పాజిటివ్ మీద స్పానర్ పెడితే, అది పొరపాటున కారు బాడీకి తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి. వేలికి ఉంగరం ఉంటే అది కాగి వేలిని కాలుస్తుంది కాబట్టి ఉంగరం, గడియారం ముందే తీసేయండి. మొనల మీది తెల్లటి, పచ్చటి పొడిని గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి కడిగితే పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక మొననూ క్లాంపు లోపలి భాగాన్నీ ఉప్పు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, బిగించిన తరువాత పైన వాజిలైన్ పూయండి. బిగించకముందు పూయకండి. ఇంజిన్‌కూ బాడీకీ బిగించిన ఎర్త్ కొసలను కూడా విప్పి రుద్దాలి. వైరే పొడైపోతే అంతే లావున్న కొత్తది వేయించండి. సన్న వైరుతో సరిపెడతామంటే ఒప్పుకోకండి.

రెండు వైపులా కొలతలు సరిగ్గా ఉండి, మోటారు బోల్టు దగ్గరకు నిండు వోల్టేజీ వస్తూ కూడా అది ‘టక్’మని ఆగిపోతుంటే అప్పుడు మోటారును అనుమానించవచ్చు. అప్పుడు కూడా మొత్తం మోటారు మార్చనక్కరలేదు. తొమ్మిదేళ్లకు కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు, సాలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలి ఉండవచ్చు; అవి విడిగా మార్చగల ఎలక్ట్రీషియన్లు శ్రీకాకుళంలో ఉన్నారు.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కారు ఇక్కడే షెడ్డులో ఉంచి, దసరాకూ సంక్రాంతికీ వచ్చినప్పుడు వాడుతాడు. వచ్చిన ప్రతిసారీ బ్యాటరీ డౌనై ఉంటోంది. పక్కింటి వారి లారీ నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేయవచ్చా? వారానికోసారి నేను అయిదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే సరిపోతుందా?
– ఒక గృహిణి, సోంపేట

జవాబు: లారీ నుంచి మాత్రం కలపకండి అమ్మా. పెద్ద లారీల్లో సాధారణంగా 24 వోల్టులు ఉంటాయి, మీ కారుది 12 వోల్టులు. ఆ దెబ్బకు కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు కాలిపోతే వాటి ఖరీదుతో ఎన్నో బ్యాటరీలు వస్తాయి. ట్రాక్టరు ఉంటే దానిది సాధారణంగా 12 వోల్టులే, మరో కారు ఉంటే ఇంకా మంచిది. కలిపే వరుస కూడా ముఖ్యం. ఎర్ర వైరు ఒక కొసను మీ కారు బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొసను అవతలి బండి పాజిటివ్‌కు తగిలించండి. నల్ల వైరు ఒక కొసను అవతలి బండి నెగటివ్‌కు తగిలించి, చివరి కొసను మీ బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా మీ ఇంజిన్ మీది లోహానికి తగిలించండి. ఆఖరి కొస తగిలేటప్పుడు రవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు. అందుకే ఆ దూరం. తీసేటప్పుడు వచ్చిన వరుసలోనే వెనక్కి వెళ్లండి.

ఇక బ్యాటరీ ఎందుకు డౌనవుతోందంటే, తాళం వేసి వెళ్లిన కారు కూడా పూర్తిగా నిద్రపోదు. రిమోట్ లాకు, దొంగతనం అలారం, గడియారం కలిసి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.72 ఆంపియర్-అవర్, నెలకు 21 పైచిలుకు. చిన్న కారు బ్యాటరీ మొత్తం నిల్వే 35 ఆంపియర్-అవర్ అయితే నెలలో సగానికి పైగా ఖాళీ అయినట్టు, దసరా నుంచి సంక్రాంతికి మూడు నెలలు. అలా ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి పెట్టినా పాత బలం రాదు. కాబట్టి ఇది పండక్కి పండక్కి పడే ఇబ్బంది మాత్రమే కాదు, బ్యాటరీ ఆయుష్షు కూడా తరిగిపోతోంది.

అయిదు నిమిషాలు ఆన్ చేసి ఉంచడం వల్ల పెద్దగా లాభం లేదు. నిలబడి ఉన్న ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, దానికి తోడు ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సరులో నీరు చేరుతుంది. వారానికోసారి ఎవరైనా అరగంటకు తక్కువ కాకుండా రోడ్డు మీద నడిపితే మేలు. నడిపే వారు లేకపోతే, అబ్బాయి వెళ్లేటప్పుడు బ్యాటరీ నెగటివ్ క్లాంపు విప్పి గుడ్డ చుట్టి పెట్టి వెళ్లమనండి. అప్పుడు రిమోట్‌తో తలుపు తెరుచుకోదు కాబట్టి తాళం చెవి ఇంట్లోనే ఉండాలి. క్లాంపు విప్పినా నెల రోజులకే డౌనైతే ఆ బ్యాటరీకి నూకలు చెల్లాయనుకోవచ్చు. విప్పకుండా ఉంచితే వారం తిరగకముందే డౌనవుతుంటే డిక్కీ దీపం ఆరుతోందో లేదో చూడండి. 5 వాట్ల బల్బు ఒక్కటి వెలుగుతూ ఉన్నా రెండు రోజుల్లో బ్యాటరీ సగమవుతుంది. మరో మాట: షెడ్డు పక్కన గడ్డివాము గాని ధాన్యం బస్తాలు గాని ఉంటే, పండక్కి కారు తీసే ముందు బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూశాకే తాళం తిప్పండి.

ప్రశ్న: నాది 2012 నాటి పెట్రోలు కారు, కిరాయికి తిప్పుతాను. సాలూరు ఘాట్ దిగి టీ తాగడానికి ఆపితే, పావుగంట తరువాత సెల్ఫ్ బాగా తిరుగుతుంది కాని ఇంజిన్ అందుకోదు. ముప్పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఉదయం పూట ఏ ఇబ్బందీ లేదు. పెట్రోలు పంపు మార్చమంటున్నారు.
– ఒక డ్రైవరు, గజపతినగరం

జవాబు: వేడి మీద మొరాయించి, చల్లారాక మంచిదైపోయే కారుకు ముందుగా చూడవలసింది క్రాంక్ సెన్సార్. ఇంజిన్ ఏ క్షణంలో ఏ స్థితిలో తిరుగుతోందో కంప్యూటరుకు చెప్పేది అదే. ఆ కబురు రాకపోతే కంప్యూటరు పెట్రోలూ వదలదు, స్పార్కూ ఇవ్వదు. చాలా సెన్సార్ల లోపల వెంట్రుకంత సన్నని తీగ చుట్ట ఉంటుంది. అది వేడికి వ్యాకోచించినప్పుడు ఎక్కడో తెగి, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఘాట్ ఎక్కి దిగిన ఇంజిన్‌ను ఆపగానే గాలి, నీటి ప్రవాహం ఆగిపోయి, మొదటి పావుగంట ఇంజిన్ చుట్టూ వేడి ఇంకా పెరుగుతుంది. మీ టీ సమయానికే రోగం బయటపడటం అందుకే.

ఈసారి ఆగినప్పుడు మూడు సంగతులు గమనించండి. తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా ఆన్‌లో పెట్టి వెనక సీటు దగ్గర చెవి పెడితే, పెట్రోలు పంపు రెండు సెకన్ల పాటు జుమ్మని ఆగుతుంది. ఆ శబ్దం వినిపించకపోతే పంపును, దాని రిలేను, ఫ్యూజునూ చూడాలి. శబ్దం వినిపిస్తే, సెల్ఫ్ తిప్పుతూ మీటరులో ఆర్‌పీఎం ముల్లును చూడండి. చాలా కార్లలో ముల్లు కొద్దిగానైనా లేవాలి. సున్నా మీదే చచ్చుబడి ఉంటే సెన్సార్ మీద అనుమానం బలపడుతుంది. మూడోది, తాళం గుర్తు ఉన్న దీపం ఆరకుండా మిణుకుమిణుకుమంటుంటే దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించడం లేదు. దానికి ఈ రెండింటితో సంబంధం లేదు. సెన్సార్ చేతికి అందే చోట ఉంటే, దాని మీద తడిగుడ్డ వేసి అయిదు నిమిషాలాగి తిప్పి చూడండి. వెంటనే అందుకుంటే ఇక పరీక్షలు అక్కరలేదు.

వెనుకటి కార్బొరేటర్ కార్లలో ఘాట్ రోడ్ల మీద పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోయేది. మీ కారులో పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడితో వస్తుంది కాబట్టి అలా జరగడం అరుదు. పంపు కూడా వేడికి మొరాయించవచ్చు, కాదనను. అందుకే ముందు దాని జుమ్ము వినమన్నాను. స్కానర్ ఉన్న చోటికి వెళితే స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి కోడ్ చదువుతారు. కారు మొరాయిస్తున్నప్పుడే చదివించగలిగితే మంచిది, ఎందుకంటే చల్లారాక ఏ తప్పూ చూపకపోవచ్చు.

ప్రశ్న: వరదనీరు రాత్రి కారు సీట్ల దాకా వచ్చి తెల్లవారేసరికి తీసింది. ఎండలో ఆరబెట్టి స్టార్ట్ చేయవచ్చా?
– ఒక వ్యాపారి, శ్రీకాకుళం

జవాబు: తాళం తిప్పనే వద్దు, ఆన్‌లో పెట్టడం కూడా వద్దు. అక్టోబరు వస్తే మనకు ఈ భయం ఉండనే ఉంది; 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. ఒత్తితే గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కారు బయటికి ఆరినట్టు కనిపించినా గాలి ఫిల్టరు డబ్బాలో, సిలిండర్లలో నీరు అలాగే ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ విప్పించి, కారును లాగించుకునో మోయించుకునో వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి. తోయించి స్టార్ట్ చేయించినా జరిగే నష్టం అదే. అక్కడ స్పార్క్ ప్లగ్గులు విప్పి నీరు బయటికి తోడాక, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తారు. ఆయిల్ పాలు కలిసిన కాఫీలా ఉంటే ఇంజిన్ ఆయిల్, గేరు ఆయిల్ రెండూ మార్చాలి. వర్క్‌షాపుకు పంపే ముందు నీటి గీత కనిపించేటట్టు లోపలా బయటా ఫోటోలు తీసుకుని ఇన్సూరెన్స్ వారికి తెలియజేయండి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడుచేసుకుంటే, ఇంజిన్ రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టి ఉంటే తప్ప, ఆ నష్టాన్ని వారు సాధారణంగా చెల్లించరు.